ర్యాగింగ్ మీద కంప్లైంట్ ఇచ్చాక జరిగింది

2018లో ఇంజనీరింగ్ అడ్మిషన్ కోసం నాన్న, నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లి ర్యాగింగ్ అఫిడవిట్లు నింపించాం. నా పేరు మీద ఒకటి, నాన్న పేరు మీద ఒకటి. కుర్రాడు చకచకా టైపు కొట్టి, ప్రింట్లు తీసి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు. "ఏటి రాసుంది ఇందులో?" అని నాన్న అడిగాడు. "మీవాడు ఎవర్నీ ర్యాగింగ్ చెయ్యడని రాసివ్వడమండి, అంతే" అన్నాడు. ర్యాగింగ్ మీద యూజీసీ, అంటే ఢిల్లీలోని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2009లో పెట్టిన నిబంధనలు అందాయని, అందులో 3వ క్లాజు, 7వ క్లాజు, 9.1 క్లాజు శ్రద్ధగా చదివామని ఆ కాగితంలో ఉందన్న సంగతి నాకు రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు. ఏదీ చదవకుండానే ఇద్దరం సంతకాలు పెట్టాం.

కాలేజీ మా ఊరికి రైల్లో ఒక రాత్రి ప్రయాణం. దాని పేరు ఇక్కడ రాయను. హాస్టల్లో ఫస్టియర్ వాళ్లకి రెండో అంతస్తు ఇచ్చారు. కొత్తగా వచ్చినవాళ్లని సీనియర్లకి దూరంగా ఉంచాలని రూలు ఉంది, అందుకే అంతస్తు వేరు చేశారు. కానీ మెట్లు ఒకటే, మెస్సు ఒకటే, మంచినీళ్ల ఫిల్టరేమో మూడో అంతస్తులో, సీనియర్ల గదుల మధ్యలో ఉంది. బాటిల్ నింపుకోవాలంటే పైకి ఎక్కాల్సిందే. మాలో చాలామంది రాత్రి ఎనిమిది దాటితే దాహాన్ని ఆపుకునేవాళ్లం, లేదంటే బాత్రూమ్ కుళాయి నీళ్లే తాగేవాళ్లం.

సీనియర్ ఎదురైతే ఆగి విష్ చెయ్యాలి. చూపు వాళ్ల షర్టు మూడో గుండీ మీద ఉండాలి, ముఖంలోకి చూడకూడదు. "అన్నా" అని పిలవకూడదు, "సార్" అనాలి. "ఫ్రెషర్స్ పార్టీ అయ్యేదాకా నీకు ఇక్కడ అన్నలెవరూ లేరు" అని మొదటిరోజే ఒకడు చెప్పాడు. మా ఊళ్లో బస్సు కండక్టర్ని కూడా అన్నా అనే పిలుస్తాం. ఆ మాట నోట్లోంచి పోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పొరపాటున అన్నందుకు రెండుసార్లు గోడకుర్చీ వేయించారు. వీపు గోడకి ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టే మోకాళ్లు వంచి నిలబడాలి. రెండో నిమిషానికి తొడలు వణకడం మొదలవుతుంది, ఆ తర్వాత కాళ్లు మనవి కావనిపిస్తుంది. కిందికి జారితే మళ్లీ మొదటినుంచి లెక్క.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ముగ్గురు సెకండియర్ వాళ్ల ల్యాబ్ రికార్డులు నాకు ఇచ్చారు. రాత్రి ఒంటిగంట దాకా వాళ్ల గ్రాఫులు గీసి, రీడింగులు కాపీ చేసేవాడిని. నా అబ్జర్వేషన్ బుక్ మాత్రం ఖాళీగా ఉండేది. ఇంటినుంచి నెలకి పదిహేను వందలు వచ్చేవి. ఆగస్టులో అందులో ఆరు వందలు వాళ్ల ఆదివారం బిర్యానీలకి పోయాయి. అయినా నేను దీన్ని ర్యాగింగ్ అనుకోలేదు. కొట్టడం, బట్టలు విప్పించడం, అలాంటివే ర్యాగింగ్ అని నా లెక్క. మాకు జరిగేది "ఇంట్రో" అని వాళ్లు చెప్పారు, మేమూ అదే మాట అనుకున్నాం.

వాళ్లకి అన్నింటికంటే ఇష్టమైనది నా యాస. "ఏటి" అనిపించేవారు, "ఎల్తాను" అనిపించేవారు, మెస్సులో నలుగురి ముందు నిలబెట్టి మళ్లీ మళ్లీ అనిపించేవారు. నాకు పేరు కూడా పెట్టారు, "ఏటిగాడు" అని. వారం తిరక్కుండా మా బ్యాచ్ వాళ్లు కూడా కొందరు అలాగే పిలవడం మొదలుపెట్టారు. క్లాసులో లెక్చరర్ ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా నోరు విప్పడం మానేశాను.

ఆగస్టు 12 రాత్రి, పదకొండు దాటాక, మూడో అంతస్తుకి రమ్మని కబురొచ్చింది. గదిలో ఆరుగురున్నారు. ఒకడు మంచం మీద పడుకుని, "మీ అమ్మ కూడా నీలాగే మాట్లాడుద్దా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఫోన్ తీయించి, అమ్మ నంబరు కొట్టించి, స్పీకర్ పెట్టించారు. నాలుగో రింగుకి ఎత్తింది, గొంతులో నిద్ర. "ఏటి నాన్నా, ఇంత రాత్రేల ఫోన్ సేసినావు? జొరమొచ్చిందేటి?" అంది. ఒకడు దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకడు ఆపుకోలేక బయటికే నవ్వేశాడు. "ఏమీ లేదమ్మా, ఊరికే" అని నేను పెట్టేశాను. తర్వాత గంటసేపు ఆ రెండు ముక్కలు వాళ్లు ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. "జొరమొచ్చిందేటి" అని ఆడగొంతు పెట్టి అన్నారు. గోడకుర్చీ నేను భరించగలిగాను. ఇది భరించలేకపోయాను.

మర్నాడు పొద్దున వార్డెన్ దగ్గరికి వెళ్లి నోటితో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. జ్వరం వస్తే తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. "ఇవన్నీ మామూలే నాన్నా. మేమూ పడ్డాం. ఇంకో పదిహేను రోజులు ఓపిక పట్టు, రేపు వాళ్లే నీకు బుక్స్ ఇస్తారు" అన్నాడు. ఎక్కడా రాసుకోలేదు. సాయంత్రానికల్లా మూడో అంతస్తుకి తెలిసిపోయింది నేను వార్డెన్ గదికి వెళ్లానని. ఆ రోజు రికార్డులు మూడు కాదు, ఐదు వచ్చాయి.

నా రూమ్మేట్ ఒకడు, అనంతపురం వాడు, అడ్మిషన్ కిట్‌లో వచ్చిన కాగితాలన్నీ ఫైల్లో దాచుకున్నాడు. అందులో యూజీసీ నిబంధనల కాపీ ఉంది. ఇద్దరం మంచం మీద కూర్చుని 3వ క్లాజు చదివాం. మాకు ఇంగ్లిష్ అంతంతమాత్రమే, ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని చదివాం. సీనియర్ల చదువు పనులు జూనియర్ చేత చేయించుకోవడం ర్యాగింగ్ అని అందులో ఉంది. బలవంతంగా డబ్బు ఖర్చు పెట్టించడం ర్యాగింగ్ అని ఉంది. సిగ్గుపడేలా, మనసు కుంగేలా చేసే ఏ పనైనా ర్యాగింగే అని ఉంది. 2016లో చేసిన సవరణ చదివినప్పుడు నేను ఆగిపోయాను. కులం, మతం, రంగు, ఆర్థిక స్థితి, ప్రాంతం, మాట్లాడే భాష, వీటిలో దేన్ని బట్టి మనిషిని శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసించినా ర్యాగింగ్ కిందికే వస్తుంది. నాకు జరిగినదానికి ఒక పేరుందని, అది ఢిల్లీలో ఎవరో ఎప్పుడో రాసిపెట్టారని తెలిసేసరికి ఏడుపొచ్చింది.

ఈ నిబంధనలు వట్టినే రాలేదు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2006లో సీబీఐ మాజీ డైరెక్టర్ ఆర్.కె. రాఘవన్ అధ్యక్షతన కమిటీ వేశారు. 2007లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా మెడికల్ కాలేజీలో 19 ఏళ్ల ఫస్టియర్ విద్యార్థి సీనియర్లు కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. ఆ ఏడాదే ఈ నిబంధనలు వచ్చాయి, హెల్ప్‌లైన్ వచ్చింది. ఆ అబ్బాయి తండ్రి రాజేంద్ర కచ్రూ ఆ తర్వాత ఏళ్ల తరబడి దీనికోసమే పనిచేశారు. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రాత్రికి నాకు కావలసింది ఆ కాగితం చివర ఉన్న నంబరు, 1800-180-5522.

హాస్టల్లో మాట్లాడితే వినబడుతుందని కాలేజీ గేటు బయట బస్టాపులో కూర్చుని ఫోన్ చేశాను. మొదట హిందీలో మాట్లాడారు. తెలుగు అన్నాను, కాసేపటికి తెలుగులో మాట్లాడేవాళ్లకి కలిపారు. కాలేజీ పేరు, కోర్సు, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగారు. నా పేరు కాలేజీకి చెప్పొద్దని అడిగితే సరే అన్నారు. కానీ నాకు అప్పుడే అర్థమైంది, ఫలానా రాత్రి ఫలానా గదిలో తల్లికి ఫోన్ చేయించారు అని చెప్పాక నా పేరు దాచడానికి ఇంకేం మిగల్లేదని. అప్పటికి పేర్లు చెప్పలేక ఆలోచించుకుని మెయిల్ చేస్తానని పెట్టేశాను.

ఆ మెయిల్ రాయడానికి రెండు రాత్రులు పట్టింది. ముందు తెలుగులో, రఫ్ నోట్సు వెనక పేజీల్లో రాసుకున్నాను. తారీఖు, టైము, గది నంబరు, ఎవరెవరున్నారు, ఏమన్నారు, ఏం చేయించారు, నాతో పాటు ఇంకెవరు ఉన్నారు, అంతే. నా బాధ గురించి ఒక పేజీ రాసి, చించేశాను. ఆ పేజీ కంటే "ఆగస్టు 12, రాత్రి 11.30" అన్న ముక్కే ఎక్కువ పనిచేస్తుందని రూమ్మేట్ అన్నాడు, అది నిజమే అయింది. వాళ్ల రికార్డుల్లో నా చేతిరాత ఉన్న పేజీలు ఫోటోలు తీశాను. ఆ రాత్రి అమ్మకి వెళ్లిన కాల్ 11.42కి ఫోన్లో అలాగే ఉంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీశాను. ఇద్దరం కలిసి ఇంగ్లిష్‌లోకి మార్చి, నా పేరుతోనే పంపాం.

మర్నాడు మధ్యాహ్నం ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. నా కంప్లైంట్ నంబరుతో సహా ఆయన టేబుల్ మీద ప్రింట్ ఉంది. మా హెచ్‌ఓడీ, వార్డెన్ కూడా కూర్చున్నారు. "మనలో మనం చూసుకునేదాన్ని ఢిల్లీ దాకా ఎందుకు తీసుకెళ్లావు నాన్నా? నాతో చెప్పకూడదా?" అన్నారు హెచ్‌ఓడీ. వార్డెన్‌కి చెప్పానన్నాను. వార్డెన్ తల దించుకున్నారు. ప్రిన్సిపాల్ నన్ను చూసి, "ఇప్పుడు నన్ను ఏం చెయ్యమంటావు?" అన్నారు. ఆ మాట కోపంగా అనలేదు, నిజంగానే అడిగారు. ఆ తర్వాత మూడు వారాల్లో ఇదే ప్రశ్న నన్ను అందరూ అడిగారు. హెచ్‌ఓడీ, ఎస్సై, నాన్న, ఆ కుర్రాళ్ల అమ్మానాన్నలు, అందరూ.

నిజానికి ఆ ప్రశ్న నన్ను అడగాల్సింది కాదు. 7వ క్లాజు ప్రకారం సమాచారం అందగానే అది శిక్షార్హమైన నేరమో కాదో తేల్చుకుని, నేరమైతే 24 గంటల్లో ఎఫ్ఐఆర్ పెట్టించాల్సింది కాలేజీ పెద్దే. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, తెలంగాణలోనూ అదే చట్టం నడుస్తోంది. ఏడిపించడం, అవమానించడం వరకే అయినా ఆరు నెలల దాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గాయపరిస్తే, నిర్బంధిస్తే శిక్ష పెరుగుతుంది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని కాలేజీ పెద్ద ఆ నేరానికి సాయపడినట్టే లెక్క అని కూడా అందులో ఉంది. చట్టం ఆ బరువుని పెద్దవాళ్ల మీద పెట్టింది. వాళ్లు తెచ్చి పద్దెనిమిదేళ్ల కుర్రాడి నెత్తిన పెట్టారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది సీనియర్ల మీద కంటే దీని మీదే.

నాలుగో రోజున యాంటీ ర్యాగింగ్ కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్, ముగ్గురు ప్రొఫెసర్లు, స్థానిక ఎస్సై, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఒకరు, పేరెంట్స్ తరఫున ఒకాయన. విలేకరి కూడా ఉండాలి, ఆయన రాలేదు. నన్ను, ఆ ఆరుగురిని ఒకే వరండాలో ఒకే బెంచీల వరసలో కూర్చోబెట్టారు. గంటన్నర. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. నా పక్కన కూర్చున్నవాడు కాలు ఊపుతూనే ఉన్నాడు, వాడికీ భయంగా ఉందని తెలుస్తోంది. ఫిర్యాదు ఇచ్చినవాడిని అలా కూర్చోబెట్టకూడదన్న ఆలోచన కూడా అక్కడ ఎవరికీ రాలేదు.

లోపల నేను రాసిందంతా చదివించారు. పేరెంట్స్ తరఫున వచ్చినాయన, "ఫోన్ చేయించారు సరే, మీ అమ్మగారు మాట్లాడారు, దాంట్లో నవ్వడానికి ఏముంది? ఏమన్నారావిడ?" అని అడిగారు. ఏడుగురి ముందు నేను అమ్మ మాటలు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ముందు పుస్తకాల తెలుగులో చెప్పబోయాను, "జ్వరమొచ్చిందా అంది" అని. ఇంగ్లిష్ చెప్పే మేడమ్ ఒకావిడ, "ఆవిడ ఎలా అన్నారో అలాగే చెప్పు బాబూ, తొందరలేదు" అన్నారు. అలాగే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఎస్సై పెన్ను పక్కన పెట్టి కిటికీ వైపు చూశాడు. ఆయనది విజయనగరం అని తర్వాత తెలిసింది.

ఒక ప్రొఫెసర్, యాసని ఎగతాళి చేస్తే ర్యాగింగ్ ఎలా అవుతుంది, పిల్లలన్నాక సరదాగా అనుకుంటారు కదా అన్నారు. మేడమ్ తన దగ్గరున్న కాపీ తీసి 2016 సవరణ బయటికి చదివారు. ఆ కాగితాన్ని ఆవిడ ముందే మడిచి పట్టుకుని వచ్చారు. ఆ గదిలో నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఆవిడ.

ఆ వారమంతా రాజీ చేసుకోమనే ఒత్తిడి. నాన్నకి ఫోన్ వెళ్లింది. ర్యాగింగ్ అన్న మాట వినగానే, 2015లో నాగార్జున యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి ఆత్మహత్య చేసుకున్న వార్త టీవీలో చూసి ఉన్నాడేమో, భయంతో ఆ రాత్రికే రైలెక్కి వచ్చేశాడు. నన్ను చూడగానే ముందు నా చేతులు, మెడ తడిమి చూశాడు. దెబ్బలు లేవని తెలిశాక, "ఎందుకొచ్చిన గొడవ నాన్నా, వదిలెయ్. నాలుగేళ్లు ఇక్కడే ఉండాల" అన్నాడు. అమ్మ ఫోన్ సంగతి నేను నాన్నకి చెప్పలేదు. రికార్డులు రాయించారని, గోడకుర్చీ వేయించారని మాత్రం చెప్పాను.

వాళ్లలో ఒకడి తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చాడు. కౌలు రైతు. మెస్సు బయట నా చెయ్యి పట్టుకుని, "బాబూ, మావాడు తప్పు చేశాడు. నీ కాళ్లు పట్టిస్తా. చదువు మాత్రం పోగొట్టమాక" అన్నాడు. ఆయన అరచేతులు మా నాన్న అరచేతుల్లాగే ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున ఆఫీసుకి పిలిచి, టైప్ చేసిన కాగితం ఒకటి ముందు పెట్టారు. మేం స్నేహపూర్వకంగా పరిష్కరించుకున్నాం, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను అని ఉంది. కింద నా పేరు కూడా టైప్ చేసేసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఒకసారి చదవకుండా సంతకం పెట్టినవాడిని, ఈసారి నాలుగుసార్లు చదివాను. పెట్టలేదు. "కమిటీ ఏది తేలిస్తే అది చెయ్యండి సార్, నేను అడ్డం రాను, కానీ జరగలేదని మాత్రం రాయను" అన్నాను. ఆ మాట చెప్పడానికి బస్టాపులో చాలాసేపు ప్రాక్టీస్ చేశాను.

ముగ్గురిని హాస్టల్ నుంచి పంపేశారు, అందులో ఇద్దరికి నెల రోజులు క్లాసులకి సస్పెన్షన్. మిగతా ముగ్గురికి తల్లిదండ్రుల ముందు హెచ్చరిక. కేసు పెట్టమంటావా అని ఎస్సై అడిగితే వద్దన్నాను. అది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ వయసులో ఆ నిర్ణయం నాది కాకుండా ఉంటే బాగుండేదని మాత్రం తెలుసు. నీళ్ల ఫిల్టర్ ఒకటి రెండో అంతస్తులో కూడా బిగించారు. హెల్ప్‌లైన్ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. మళ్లీ ఎవరైనా బెదిరించారా, కాలేజీ తీసుకున్న చర్య మీకు సరేనా అని అడిగారు.

ఎవరూ బెదిరించలేదు. ఎవరూ మాట్లాడనూ లేదు. ఆ ఏడాది ఫ్రెషర్స్ పార్టీ జరగలేదు, అది నా వల్లే అని మా బ్యాచ్ వాళ్లే అన్నారు. నా పేరు లేకుండా వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నారు. ప్రీవియస్ పేపర్లు నా దాకా వచ్చేవి కావు. అనంతపురం వాడు తన కాపీ నాకు ఇచ్చేవాడు, వాడు లేకపోతే నేను రెండో సెమిస్టర్‌కి టీసీ తీసుకుని వెళ్లిపోయేవాడిని. సెకండియర్‌లో మా బ్యాచ్ వాళ్లే జూనియర్లని గదికి పిలవడం మొదలుపెట్టారు. నాతో పాటు గోడకుర్చీ వేసినవాడే ఇంకొకడి చేత వేయిస్తుంటే, తలుపు దగ్గర నిలబడి, "వాడిని కిందికి పంపుతావా, నంబరు డయల్ చెయ్యనా" అన్నాను. పంపేశాడు. ఆ పిల్లాడు మెట్ల మీద నాకు "థాంక్యూ సార్" అన్నాడు. అన్నా అనమన్నాను.

2022లో చెల్లికి సీటొచ్చింది. ఈసారి అఫిడవిట్ ఇంట్లోనే, నా ల్యాప్‌టాప్‌లో నింపాం. సంతకాలకి ముందు 3వ క్లాజు మొత్తం చెల్లికి, నాన్నకి తెలుగులో చదివి వినిపించాను. అమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మాట్లాడే భాషని బట్టి ఏడిపించడం అన్న చోట నా గొంతు ఆగింది. ఎందుకు ఆగానో చెప్పమని చెల్లి అడిగింది. అప్పుడు చెప్పాను, ఆ రాత్రి ఫోన్ సంగతి, నాలుగేళ్లకి మొదటిసారి.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తిచేసి, "అలగే. ఆరోజు ఎవులో నవ్వినట్టు ఇనిపించింది. టీవీ అనుకున్నాను" అంది.